పసిపిల్లలకు కన్వర్టిబుల్ కారు సీటు: కొనే ముందు చూసుకోవలసినవి

మన ఇళ్లలో కారు ప్రయాణమంటే పసిబిడ్డ అమ్మ ఒళ్లోనో నాయనమ్మ ఒళ్లోనో ఉండటం ఇప్పటికీ మామూలే. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేన్నైనా గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిపోతే, పది కిలోల బిడ్డను పట్టి ఉంచడానికి దాదాపు 140 కిలోల బరువును ఆపేంత బలం కావాలి, అంత బలం ఏ చేతులకూ ఉండదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, పద్నాలుగేళ్లలోపు పిల్లలను సీటు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా కారులో తీసుకెళ్తే వెయ్యి రూపాయల జరిమానా ఉంది.

కన్వర్టిబుల్ సీటులో బిడ్డను మొదట్లో కారు వెనుక అద్దం వైపు ముఖం ఉండేలా కూర్చోబెట్టి, పెద్దయ్యాక అదే సీటును ముందువైపుకు మార్చుకుంటాం. దుకాణంలో అందరూ అడిగేది ఎన్నేళ్ల వరకు పనికొస్తుందని. అంతకన్నా ముందు అడగవలసింది, వెనుకవైపు ముఖంతో ఎన్ని కిలోల వరకు కూర్చోబెట్టవచ్చని. పెట్టె మీద 0 నుంచి 18 కిలోలని పెద్ద అక్షరాల్లో ఉన్నా, లోపలి పుస్తకం తెరిస్తే ఆ పరిమితి 13 కిలోల దగ్గరే ఆగిపోయే సీట్లు ఉన్నాయి. పసివాళ్ల తల శరీరానికి పెద్దది, మెడ ఎముకలు ఇంకా గట్టిపడి ఉండవు. ఎదురుగా ఏదైనా ఢీకొన్నప్పుడు వెనుకకు తిరిగి ఉన్న బిడ్డ తల, మెడ, వీపు మొత్తం సీటుకు ఆనుకుని ఉండటం వల్ల దెబ్బ ఒకచోటే పడదు. అందుకే అమెరికా శిశువైద్యుల సంఘం 2018లో వయసు ప్రస్తావన తీసేసి, సీటు పరిమితి ఒప్పుకున్నంతకాలం వెనుకవైపే ఉంచమని సూచించింది. కాళ్లు ముడుచుకుపోతున్నాయని పెద్దవాళ్లు బాధపడతారు గానీ, పిల్లలు బాసింపట్టు వేసుకుని హాయిగానే కూర్చుంటారు.

సీటుకు అతికించిన నారింజ రంగు చీటీ మీద ఆర్44 అనో ఆర్129 అనో ఉంటుంది, అవి పిల్లల సీట్ల భద్రతా ప్రమాణాల పేర్లు. రెండోది కొత్త ప్రమాణం; బిడ్డ ఎత్తును బట్టి లెక్కిస్తుంది, పక్కనుంచి తగిలే దెబ్బనూ పరీక్షిస్తుంది, పదిహేను నెలలు నిండేదాకా వెనుకవైపే ఉంచాలంటుంది. డబ్బుకు వెసులుబాటు ఉంటే దాన్నే తీసుకోండి.

తర్వాత మీ కారు సంగతి. వెనుక సీటు పరుపుకూ వీపు ఆనే భాగానికీ మధ్య సందులో వేళ్లు పెట్టి చూస్తే, ఐసోఫిక్స్ (బెల్టు లేకుండా పిల్లల సీటును నేరుగా కారుకే తగిలించే ఏర్పాటు) ఉన్న కారులో రెండు ఇనుప కడ్డీలు తగులుతాయి. అవి లేకపోతే సీటు బెల్టుతో బిగించే రకం కొనాలి. చిక్కంతా ఇక్కడే వస్తుంది: వెనుకవైపు పెట్టినప్పుడు బెల్టు సీటును చుట్టి రావాలి కాబట్టి పొడవు ఎక్కువ కావాలి, కొన్ని చిన్న కార్లలో అది చాలదు. అందుకే డబ్బు కట్టకముందే దుకాణం బయట మీ కారులోనే బిగించి, డ్రైవరు సీటును మీరు నడిపేటప్పుడు ఉండే చోటుకే జరిపి చూడండి. పిల్లల సీటును బెల్టు దాని గుండా వెళ్లే చోట పట్టుకుని ఊపితే అంగుళానికి మించి కదలకూడదు.

అమెరికా నుంచి బంధువులు తెచ్చే సీటు విషయంలో జాగ్రత్త అవసరం. అక్కడి కార్ల బెల్టు పూర్తిగా లాగితే అలాగే బిగుసుకుంటుంది. మన దగ్గర చాలా కార్లలో ఆ ఏర్పాటు ఉండదు. సీటులోనే బెల్టును పట్టి ఉంచే బిగింపు లేకపోతే అది వదులుగానే ఉండిపోతుంది. ఎవరో వాడేసిన సీటు ప్రమాదానికి గురైందో లేదో తెలియకపోతే, ఎంత చవకగా వచ్చినా వద్దు.

పుట్టిన బిడ్డకైతే సీటు బాగా వాలాలి, గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి అందదు. వెనుకవైపు ఉన్నంతకాలం భుజం పట్టీలు భుజాల ఎత్తులో గానీ కాస్త కిందుగా గానీ మొదలవ్వాలి. బిగించాక భుజం దగ్గర పట్టీని వేళ్లతో గిల్లితే మడత దొరకకూడదు. ఎయిర్‌బ్యాగ్ పనిచేసే ముందు సీటులో మాత్రం వెనుకవైపు సీటును ఎప్పుడూ పెట్టకండి. బట్ట రంగు గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు, ఊడదీసి ఉతకగలిగితే చాలు. మన ఎండల్లో నిలిపిన కారులో బకిల్ కాలిపోతూ ఉంటుంది కనుక, సీటు మీద తెల్లటి దుప్పటి కప్పి ఉంచి, బిడ్డను కూర్చోబెట్టే ముందు ఆ లోహాన్ని చేత్తో తాకి చూడండి.