వెస్ట్ పాకెట్ పిస్టళ్ల సేకరణ – మూడో పాఠం: ముద్రలు చదవడం

మొదటి రెండు పాఠాల్లో చట్టం గురించి, పిస్టల్‌ను చేతికి తీసుకునే పద్ధతి గురించి చెప్పుకున్నాం. కొత్తగా చేరినవారి కోసం ముఖ్యమైన సంగతి మళ్లీ చెబుతాను. తూటా పేల్చగల పిస్టల్ ఎంత పాతదైనా 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు ఉండాల్సిందే. మరమ్మతు చేసినా పేలని పాతకాలపు ఆయుధాలకు 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. కానీ మీ దగ్గర ఉన్నది ఆ కోవలోకి వస్తుందో రాదో మీకు మీరే తేల్చుకోకండి. కలెక్టరు కార్యాలయంలో అడగండి. తాతగారి బీరువాలో పిస్టల్ బయటపడితే ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషనులో గాని, లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గాని అప్పగించాలి. 2019 సవరణ తర్వాత ఒక మనిషి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. అంటే అసలుదనుకుని ఒక నకలు కొన్నారంటే మీ సేకరణలో సగం పోయినట్టే. ముద్రలు చదవడం రావాలని నేను పట్టుబట్టేది అందుకే.

వెస్ట్ అంటే కోటు లోపల తొడుక్కునే చేతులు లేని చొక్కా. గడియారం పెట్టుకునే దాని జేబులో ఇమిడేలా అమెరికా తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ రూపొందించిన చిన్న పిస్టల్‌ను బెల్జియంలోని ఎఫ్.ఎన్. ఆయుధాల కంపెనీ తయారుచేసింది. దాన్నే 1906 మోడల్ అంటారు. పొడవు సుమారు 11 సెంటీమీటర్లు, తూటా 6.35 మిల్లీమీటర్లు. అదే రూపకల్పనతో అమెరికాలో కోల్ట్ కంపెనీ 1908లో తన పిస్టల్ తెచ్చింది. ఈ రెండింటినీ చూసి నకళ్లు తీసినవారికి లెక్కలేదు. స్పెయిన్‌లోని ఐబార్ పట్టణంలో చిన్న చిన్న కార్ఖానాలు దాదాపు ఇదే పనిగా బతికాయి.

ఇక ముద్రల సంగతి. సంతలో కూరగాయలు తూచే ఇనుప తూనికరాయిని తిరగేసి చూడండి. అడుగున గుంటలో సీసం పోసి, దాని మీద తూనికల శాఖవారు ముద్ర కొడతారు. రాయి పోతపోసినవాడు ఒకరు, సరిగ్గా ఉందని చెప్పేవాడు మరొకరు. పిస్టల్‌కూ అంతే. మామూలు కంటే బలమైన తూటాతో కాల్చి చూసి, గొట్టం తట్టుకుందని ముద్ర వేసే పరీక్షాలయాలు ఐరోపాలో ఉన్నాయి. వాటిని ప్రూఫ్ హౌస్‌లంటారు. స్లైడు, అంటే పిస్టల్ మీద ముందుకూ వెనక్కూ జరిగే పైభాగం. దాని మీద పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు తయారీదారు చెప్పుకున్నది. ప్రూఫ్ ముద్ర ఇంకొకరు ఇచ్చిన సాక్ష్యం. కాబట్టి ముద్రలు ముందు చదవండి, పేరు చివర చదవండి.

బెల్జియం పిస్టళ్లను పరీక్షించింది లియేజ్ నగరంలో. అక్కడి ముద్రలు మూడు గుర్తుపెట్టుకుంటే చాలు. గుడ్డు ఆకారపు గీతలో ఇ.ఎల్.జి. అక్షరాలు, పైన కిరీటం ఉంటే అది తుది పరీక్ష ముద్ర. సింహం బొమ్మ, కింద పి.వి. అక్షరాలు ఉంటే పొగరాని తుపాకి మందుతో పరీక్షించారని అర్థం. మూడోది సన్నని స్తంభం బొమ్మ. విజయనగరానికి గంటస్తంభం ఎలాగో లియేజ్‌కు పెరాన్ స్తంభం అలాగ. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ ముద్రల్లో కిరీటం కింద బి.వి., బి.పి., ఎన్.పి. ఉంటాయి. ఇంగ్లండు కంపెనీ వెబ్లీ పిస్టళ్ల మీద వెతకాల్సినవి ఇవే. జర్మనీ ముద్రలు కాలం కూడా చెబుతాయి. ఎన్ అక్షరం మీద కిరీటం ఉంటే పాతది, గద్ద ఉంటే 1940 తర్వాతది.

మొన్న విజయనగరంలో ఒక డీలరు దుకాణంలో గజపతినగరం వైపు నుంచి వచ్చిన పెద్దాయన అప్పగించిన పిస్టల్ చూశాను. “అసలు బ్రౌనింగేనండీ, మా నాన్నగారు కలకత్తాలో కొన్నారు” అన్నారు. డీలరు మ్యాగజైన్ (పిడిలో తూటాలు పేర్చే పెట్టె) తీసి, స్లైడు వెనక్కి లాగి, గొట్టంలో తూటా లేదని చూపించాకే భూతద్దం తీశాను. మ్యాగజైన్ తీసినంత మాత్రాన తూటా లేనట్టు కాదని రెండో పాఠంలో చెప్పింది మరిచిపోకండి. ముందు పిడి వెనకవైపు చూశాను. అసలుదానికి అక్కడ అరచేతితో నొక్కితే లోపలికి పోయే రక్షణ మీట ఉంటుంది. దీనికి లేదు, వెనకభాగం నున్నగా ఉంది. సేఫ్టీ మీట ట్రిగ్గరుకు సరిగ్గా పైన, చట్రం మధ్యలో ఉంది. ఇది ఐబార్ పనివారి అలవాటు. పేలిన తూటా ఖాళీ డొప్ప బయటపడే కిటికీలోంచి గొట్టం మీద వెతికితే కిరీటం లేదు, సింహం లేదు. స్లైడు మీద 6.35 అంకె, ‘ఆటోమేటిక్ పిస్టల్’ అన్న మాటలు తప్ప ఊరి పేరు కూడా లేదు. విషయం చెబితే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. నాకూ మనసు బరువెక్కింది. అయినా నా దృష్టిలో అది పారేయాల్సిన వస్తువు కాదు. ఐబార్ నకళ్లకూ వాటి చరిత్ర ఉంది, వాటినే వెతికి సేకరించేవారూ ఉన్నారు. బ్రౌనింగ్ ధర పెట్టకూడదు, అంతే.

ఆ పిస్టల్‌కు జరిగిన అసలు నష్టం వేరు. ఎవరో దాన్ని పాలిష్ పెట్టి మెరిసేదాకా తోమారు. బుడితి కంచు చెంబును చింతపండుతో తోమితే అందం వస్తుంది గాని, పిస్టల్‌ను తోమితే నల్లని నీలపు పూత పోతుంది, అక్షరాల అంచులు అరిగిపోతాయి. సాక్ష్యమంతా ఆ అంచుల్లోనే ఉంటుంది. దయచేసి తోమకండి. మన సముద్రపు గాలికి తుప్పు తొందరగా పడుతుంది. కాబట్టి చేయి తగిలిన ప్రతిసారీ పలచని నూనె అద్దిన మెత్తని గుడ్డతో తుడవండి. నేను వాడేది పాత పొందూరు ఖద్దరు ముక్క. తోలు సంచిలో మాత్రం దాచకండి, తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది.

ఈ వారం అభ్యాసానికి పిస్టల్ అక్కర్లేదు. కిరాణా కొట్లో అడిగి ఐదు తూనికరాళ్ల అడుగున ఉన్న ముద్రలు భూతద్దంతో చూసి, నోటుపుస్తకంలో గీయండి. ఫోటో వద్దు, చేత్తోనే గీయాలి. గీసేటప్పుడే కన్ను నిలుస్తుంది. ప్రతి బొమ్మ పక్కన అక్షరం ఏది, అంకె ఏది, ఏది చెరిగిపోయిందో రాయండి. చెరిగిన చోట ఊహించి పూరించవద్దు, ఖాళీగా వదలండి. వచ్చే పాఠంలో సీరియల్ నంబర్లు చూద్దాం. చట్రం మీద ఒక అంకె, స్లైడు మీద ఇంకో అంకె ఉంటే ఏం చేయాలో అప్పుడు చెబుతాను. ఆ పుస్తకం దగ్గర పెట్టుకోండి.