నీడతోట, 4వ పాఠం: డిసెంబరు నీడ మే దాకా ఉండదు

ఈసారి మొక్కల ఎంపిక చెప్పాల్సింది. దాన్ని తర్వాతి పాఠానికి జరుపుతున్నాను. పోయినసారి పెరటి నీడపటం గీయమంటే, మీలో చాలామంది మిద్దెకు ఉత్తరాన గోడ వెంబడి మూడడుగుల పట్టీ మీద ‘రోజంతా నీడ’ అని రాసుకున్నారు. కొందరు ఆగలేక అక్కడే అగ్లోనిమాలు, కెలాథియాలు లాంటి నీడ ఆకుమొక్కలు నాటేశారు కూడా. పటంలో తప్పు లేదు, కళ్లకు కనిపించిందే గీశారు. కానీ అది డిసెంబరుకు మాత్రమే చెల్లే పటం. గీసిన తేదీని పటం మూలన వేయమని నేనప్పుడే గట్టిగా చెప్పాల్సింది. ఇప్పుడు వేయండి.

నీడ మొక్కలకు ఉత్తరపు గోడే మేలన్న మాట హోస్టాలు అనే నీడ ఆకుమొక్కలు పెంచే చలిదేశాల నుంచి వచ్చింది. 40 డిగ్రీల అక్షాంశం దగ్గర ఏడాది పొడుగునా మధ్యాహ్నపు పొద్దు దక్షిణాన్నే ఉంటుంది కాబట్టి అక్కడ ఆ మాట నిజమే. మన తిరుపతి ఉన్నది 13.6 డిగ్రీల మీద. ఇక్కడ డిసెంబరు 21న నడిమధ్యాహ్నం పదడుగుల గోడ నీడ ఉత్తరానికి ఏడున్నర అడుగులు సాగుతుంది. మార్చి 21కి అది రెండడుగుల ఐదంగుళాలకు కుదించుకుపోతుంది. భరణి కార్తె వచ్చే రోజుల్లో, అంటే ఏప్రిల్ ఆఖరి వారంలో, పొద్దు సరిగ్గా నడినెత్తికి వస్తుంది. అక్కడితో ఆగదు, ఉత్తరానికి దాటిపోతుంది. అప్పటినుంచి మఖ కార్తె వచ్చేదాకా, అంటే ఆగస్టు మూడో వారం దాకా, పొడిచింది మొదలు కుంకేదాకా పొద్దు మనకు ఉత్తరం పక్కనే నడుస్తుంది. జూన్ 21న పదడుగుల గోడ నీడ దక్షిణానికి పడుతుంది, అదీ ఒకటిముప్పావు అడుగే. మీరు ‘రోజంతా నీడ’ అని రాసిన పట్టీ రోహిణి కార్తెలో రోజంతా ఎండ కాస్తుంది.

అప్పుడు కెలాథియాకు ఏమవుతుందో తెలిసుంటే మంచిది. మొదట ఆకు నిలువునా గొట్టంలా చుట్టుకుంటుంది. రెండు మూడు రోజుల్లో అంచు గోధుమరంగుకు తిరిగి, ఈనెకూ ఈనెకూ మధ్య తెల్లటి మచ్చలు పడతాయి. ముట్టుకుంటే ఎండు విస్తరాకులా గరగరలాడుతుంది. నీళ్లు చాలలేదనుకుని రెండు పూటలా పోస్తారు. కమిలిన ఆకు నీళ్లతో కోలుకోదు, పైగా వేరు కుళ్లుతుంది. నాటేసినవాళ్లు ఫిబ్రవరిలోపే తీసి కుండీల్లోకి మార్చండి.

ఉత్తరాన పక్కింటివాళ్ల రెండంతస్తుల మిద్దె అడ్డం ఉందిగా అనుకోవద్దు. 25 అడుగుల ఎత్తుకు జూన్ 21 మధ్యాహ్నం మీవైపు నాలుగుంపావు అడుగుల నీడ వస్తుంది కానీ, మే 15న రెండుంపావు అడుగులే. ఆకులు మాడేది మేలోనే.

మరి మేలో నీడ ఎక్కడ? ఒకటి, నెత్తిమీద కొమ్మ ఉన్నచోట. సపోటా, పొగడ నాకు ఎక్కువ ఇష్టం, ఎందుకంటే ఏడాది పొడుగునా ఆకు నిలుస్తుంది. వేప చలి చివర ఆకు రాల్చినా ఎండలు ముదిరేలోగా చిగురు నిండుతుంది, భయం లేదు. రెండోది ఎవరూ అనుకోని చోటు, సజ్జా ఉన్న దక్షిణపు గోడ. ఎనిమిదడుగుల ఎత్తున రెండడుగుల సజ్జా ఉంటే మే 15 మధ్యాహ్నం దాని కింద రెండుముప్పావు అడుగుల నీడ ఉంటుంది. పొద్దు ఉత్తరాన ఉంటుంది కాబట్టి ఉదయం, సాయంత్రం మిద్దే అడ్డం వస్తుంది. డిసెంబరు పటంలో మాత్రం ఇదే చోటు ‘రోజంతా ఎండ’ అని ఉంటుంది.

ఇక్కడే కలాడియం అక్కరకొస్తుంది, రంగురంగుల ఆకుల గడ్డమొక్క. హోస్టాలాగే దీనికీ చలికాలం నిద్ర. ఆకు మొత్తం రాల్చి గడ్డగా భూమిలో ఉంటుంది. దక్షిణపు పట్టీలో ఎండ కాసే నెలల్లో అది నిద్రలో ఉంటుంది, నీడ వచ్చేనాటికి ఆకు విప్పుతుంది. హోస్టానే కావాలని అడిగేవాళ్లకు ఒకే మాట. దాని నిద్రకు వారాల తరబడి 5 డిగ్రీల లోపు చలి కావాలి, తిరుపతి రాత్రులు ఆ దరిదాపులకు రావు. నీలం, ఎరుపు హోస్టా గింజలంటూ ఆన్‌లైన్‌లో అమ్మేవాటికి డబ్బు తగలేయకండి. మచ్చల ఆకుల రకాలు గింజ నుంచి తల్లి రంగులో రావు.

ఇప్పుడు చేతిలో ఉన్న పని కలాడియం గడ్డలు దాచడం. ఆకులు పూర్తిగా వాలి ఎండాక, మన్ను పొడిగా ఉన్న రోజు చూసి తవ్వండి. కడగొద్దు, మన్ను చేత్తో దులపండి. వారం రోజులు నీడన ఆరబెట్టి, పొడి కొబ్బరిపొట్టు వేసిన వెదురుబుట్టలో ఒకదానికొకటి తగలకుండా పేర్చండి. పాలిథిన్ కవరు వద్దు, చెమ్మ పట్టి కుళ్లుతాయి. ఫ్రిజ్ అసలే వద్దు, 15 డిగ్రీల లోపు గడ్డ చెడిపోతుంది. పదిహేను రోజులకోసారి నొక్కి చూడండి. మెత్తగా తగిలినచోట తెల్లటి గట్టి కండ కనిపించేదాకా కోసి, బూడిద అద్ది, రెండు రోజులు ఆరనివ్వండి.

దక్షిణపు పట్టీ కొలతలు ఇవి. గోడ నుంచి అరడుగు వదలండి, సిమెంటు, సున్నం రాలి మన్ను చెడుతుంది. పొడవు పదడుగులు, వెడల్పు రెండడుగులు. అడుగు లోతు తవ్వి, ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలిపి, చుట్టూ నేలకన్నా అరడుగు ఎత్తుగా నింపండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలకు నీళ్లు నిలవకూడదు. అడుగు ఎడంతో ముందు వరుసకు పది, వెనక వరుసకు ఆ సందుల్లో తొమ్మిది, మొత్తం 19 గడ్డలు. రెండంగుళాల లోతున మొలక ఉన్న వైపు పైకి పెట్టాలి. చెట్టు కిందైతే శివరాత్రి దాటాక, దక్షిణపు పట్టీలో ఉగాది దాటాకే నాటండి. ముందే నాటితే లేతాకు మార్చి ఎండకు దొరికిపోతుంది. పట్టీలో సగం తెల్లవి వేయమంటాను. పచ్చ ఈనెలున్న తెల్ల కాండిడం రకం మునిమాపు వేళ కూడా కనిపిస్తుంది, ఎర్రవి ఆ వేళకు నల్లబడిపోతాయి.

అభ్యాసం కాస్త కష్టమైనదే. నేలపైన సరిగ్గా మూడడుగులు ఉండేలా ఒక కర్రను తూకపుగుండుతో నిటారుగా పాతండి. భరణి కార్తె దాకా ప్రతి ఆదివారం ఉదయం 9కి, మధ్యాహ్నం 12.20కి, 3 గంటలకు నీడ కొసన మేకు దిగ్గొట్టి, పొడవు రాసుకోండి. మధ్యాహ్నపు నీడ సంక్రాంతికి 25 అంగుళాలు, ఫిబ్రవరి 14 ప్రాంతానికి 18, మార్చి 21 ప్రాంతానికి తొమ్మిదికి కాస్త తక్కువ రావాలి. అంగుళానికి మించి తేడా వస్తే కర్ర వాలిందన్నమాట, లేదా నేల వాలుగా ఉంది. సరిచేసి మళ్లీ కొలవండి.