విదేశీ ప్రయాణంలో వాహనం చెడిపోతే మరమ్మతు చేయించుకునే పద్ధతి

విదేశంలో రోడ్డు ప్రయాణం చేస్తున్నప్పుడు వాహనం మొరాయిస్తే మెకానిక్ దొరకడం సాధారణంగా పెద్ద సమస్య కాదు. వాహనాలు తిరిగే ప్రతి చోటా అవి చెడిపోతూనే ఉంటాయి కనుక వాటిని బాగుచేసేవారూ ఉంటారు. అసలు చిక్కంతా ఏ భాగం కావాలో కచ్చితంగా చెప్పలేకపోవడంలోనూ, ఎంత పనికి ఎంత సొమ్ము ఇస్తామన్నామో కాగితం మీద లేకపోవడంలోనూ, మరమ్మతు సాగుతుండగానే ఆ దేశంలో వాహనాన్ని ఉంచుకునే గడువు తీరిపోవడంలోనూ ఉంటుంది. ఈ వ్యాసం పానా పట్టడం నేర్పదు. పానా పట్టేవాడి చేత సరైన పని చేయించుకోవడం ఎలాగో చెబుతుంది.

వాహనం అద్దెదైతే చేయవలసింది కొంచెమే. అద్దె సంస్థకు ఫోన్ చేసి, వారి అనుమతి సందేశరూపంలో వచ్చేదాకా ఎవరి చేతా ఒక్క బోల్టు కూడా విప్పించకూడదు. అనుమతి లేని మరమ్మతుకు అయిన ఖర్చు వారు తిరిగి ఇవ్వకపోవచ్చు సరికదా, తరువాత తేలిన ప్రతి లోపాన్నీ ఆ మరమ్మతు ఖాతాలోనే వేయవచ్చు. ఇక మీదట చెప్పేదంతా ప్రధానంగా సొంత వాహనంతో సరిహద్దు దాటినవారి కోసం.

వాహనం ఆగిన వెంటనే హజార్డ్ లైట్లు వేసి, ట్రాఫిక్ లేని వైపు తలుపుల గుండా అందరూ దిగి, రోడ్డు పక్క రక్షణ కడ్డీ ఉంటే దాని వెనక్కి చేరుకోవాలి. చాలా ఐరోపా దేశాల్లో మెరిసే జాకెట్టు, హెచ్చరిక త్రికోణం వాహనంలో ఉండడం తప్పనిసరి, అయితే త్రికోణాన్ని ఎక్కడ పెట్టాలన్న నియమం మాత్రం అన్ని చోట్లా ఒకటి కాదు. బ్రిటన్ హైవే కోడ్ అయితే మోటార్‌వేల మీద దాన్ని అసలు పెట్టవద్దనే చెబుతుంది. ఐరోపా సమాఖ్య దేశాలన్నింటిలో అత్యవసర సహాయానికి 112 నంబరు పనిచేస్తుంది. ఫ్రాన్స్ ఆటోరూట్ల (అక్కడి వేగమార్గాల) వంటి రహదారుల మీద మనకు నచ్చిన టోయింగ్ బండిని పిలిపించుకునే వీలు ఉండదు. పక్కన ఉండే నారింజ రంగు ఫోన్ల ద్వారానో 112 ద్వారానో చెబితే, అనుమతి పొందిన బండి ఒకటి వచ్చి తీసుకుపోతుంది.

డ్యాష్‌బోర్డు మీద వెలిగిన దీపం రంగును బట్టి మొదటి నిర్ణయం తీసుకోవాలి. ఎర్ర దీపం, ముఖ్యంగా ఆయిల్ ప్రెషర్‌ది గాని ఇంజిన్ వేడిది గాని, వెలిగితే పక్క ఊరి దాకా లాగుదామన్న ఆలోచన పెట్టుకోకూడదు. ఆయిల్ ప్రెషర్ లేకుండా కొద్ది నిమిషాలు నడిచిన ఇంజిన్‌కు అయ్యే నష్టం ముందు టోయింగ్ ఖర్చు లెక్కలోకి రాదు. పసుపు దీపమైతే, బండి నడకలో తేడా లేనప్పుడు, నెమ్మదిగా గ్యారేజీ దాకా వెళ్లవచ్చు. ఇంజిన్ వేడెక్కి ఆగినప్పుడు రేడియేటర్ మూత వెంటనే తెరవకూడదు. లోపలి కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఒత్తిడితో ఎగజిమ్మి ముఖాన్నీ చేతులనూ కాల్చేస్తుంది.

టోయింగ్ బండి రాకముందే బీమా సంస్థకు గాని, మీ దేశంలో సభ్యత్వం ఉన్న ఆటోమొబైల్ క్లబ్బుకు గాని ఫోన్ చేయాలి. ఇలాంటి క్లబ్బులలో చాలావాటికి ఇతర దేశాల క్లబ్బులతో పరస్పర సహాయ ఒప్పందాలు ఉంటాయి, కనుక మన సభ్యత్వ కార్డు అక్కడ కూడా చెల్లవచ్చు. ముందు మన సొమ్ముతో లాగించుకుని తరువాత బిల్లు పంపుదామనుకుంటే, తమకు చెప్పకుండా చేసిన ఖర్చని బీమా సంస్థ తోసిపుచ్చే ప్రమాదం ఉంది. బండిని ట్రక్కు మీదికి ఎక్కించకముందే ఎక్కడికి తీసుకుపోతున్నారో, ఎంత తీసుకుంటారో, అక్కడ ఉంచినందుకు రోజు అద్దె ఉందో లేదో అడిగి రాయించుకోవాలి. టోయింగ్ డ్రైవర్ తనకు తెలిసిన గ్యారేజీకే తీసుకుపోవడం లోకసహజం. అది మంచి గ్యారేజీ కాదని కాదు గాని, ఎంపిక మనది కావాలి.

గ్యారేజీ ఎంపికలో బ్రాండు పేరు మీద అతిగా ఆధారపడకూడదని నా అభిప్రాయం. మీ మోడల్ ఆ దేశంలో అమ్మకానికే లేకపోతే, అదే కంపెనీ డీలర్ దగ్గర కూడా దాని భాగాలు గాని, దాని ఇంజిన్ గురించిన అనుభవం గాని ఉండకపోవచ్చు. వారంటీ ఉన్న వాహనానికీ, కంప్యూటర్‌తో ముడిపడిన లోపాలకూ డీలర్ దగ్గరికి వెళ్లడమే మేలు. సస్పెన్షన్, క్లచ్, రేడియేటర్, ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసే భాగం) వంటి పనులకు మాత్రం ఆ ఒక్క పనే చేసే చిన్న గ్యారేజీలు ఎక్కువగా అక్కరకు వస్తాయి. వాటి ఆచూకీ ఇంటర్నెట్ కంటే టాక్సీ డ్రైవర్లకే బాగా తెలుస్తుంది, ఎందుకంటే బండి ఒక రోజు ఆగితే వారికి ఆ రోజు కూలి పోతుంది.

మెకానిక్‌కు లోపాన్ని వివరించేటప్పుడు మన నిర్ధారణ చెప్పడం మానేసి లక్షణాలు చెప్పాలి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వచ్చిందా వేడెక్కాక వచ్చిందా, ఏ వేగం దగ్గర మొదలైంది, క్లచ్ నొక్కితే శబ్దం మారుతోందా, మలుపులో పెరుగుతోందా అన్నవి చాలు. శబ్దం వచ్చిన క్షణంలోనే ఫోన్‌లో వీడియో తీసి ఉంచితే భాష రాకపోయినా సగం పని అయినట్లే, ఎందుకంటే ఇలాంటి శబ్దాలు మెకానిక్ ఎదుట పెట్టగానే మాయమవుతాయి. అమెరికాలో 1996 నుంచి, ఐరోపాలో పెట్రోలు కార్లకు 2001 నుంచి తప్పనిసరి అయిన ఓబీడీ వ్యవస్థకు (బండి తన లోపాలను తానే గుర్తించి నమోదు చేసుకునే ఏర్పాటుకు) సంబంధించి, స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది; అరచేతిలో పట్టే చిన్న రీడర్‌ను దానికి తగిలిస్తే లోపం కోడ్ ఫోన్‌లో కనబడుతుంది. పీ0 తో మొదలయ్యే కోడ్‌లు అన్ని కంపెనీలకూ ఒకటే, పీ0301 అంటే ఏ దేశంలోనైనా మొదటి సిలిండర్‌లో ఇంధనం సరిగా మండడం లేదనే. అయితే ఆ కోడ్ లక్షణాన్ని చెబుతుందే గాని పాడైన భాగాన్ని చెప్పదు; స్పార్క్ ప్లగ్ కావచ్చు, కాయిల్ కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు. కోడ్ చూడగానే ఫలానా భాగం మార్చేయాలని తీర్మానించే గ్యారేజీలో మరొక ప్రశ్న అడిగి చూడడం మంచిది.

భాగాల విషయానికి వస్తే, మోడల్ పేరు చెప్పి అడగడం అన్నింటికన్నా నమ్మకం తక్కువ పద్ధతి, ఎందుకంటే ఒకే పేరుతో వేర్వేరు దేశాల్లో వేర్వేరు ఇంజిన్లు, బ్రేకులు, గేర్‌బాక్సులు అమ్ముతారు. వాహనానికి ఉన్న 17 అక్షరాంకెల ఛాసిస్ నంబరును బట్టి కంపెనీ కేటలాగులో వెతికితే సరైన పార్టు నంబరు తెలుస్తుంది. ఆ నంబరులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిషు అక్షరాలు ఎప్పుడూ రావు, కనుక అలా కనబడితే అది ఒకటో సున్నానో అనుకోవాలి. ప్రయాణానికి ముందే ఫిల్టర్లు, బెల్టులు, బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, వాటర్ పంపు వంటివాటి పార్టు నంబర్లు ఒక కాగితం మీద రాసుకుంటే దారిలో ఎంతో సమయం మిగులుతుంది.

అంతకంటే ఉపయోగపడే సంగతి మరొకటి ఉంది. వాహనంలోని చాలా భాగాలను కార్ల కంపెనీ తయారు చేయదు. వాటిని ప్రామాణిక కొలతలతో వేరే కంపెనీలు తయారు చేస్తాయి, ఆ కొలతలు భాగం మీదే చెక్కి ఉంటాయి. ఆల్టర్నేటర్ బేరింగు అరిగి గుర్రుమంటోందనుకోండి. దాన్ని ఊడదీసి అంచును కిరోసిన్ గుడ్డతో తుడిచి, ఫోన్ లైటును ఏటవాలుగా వేసి చూస్తే 6204 వంటి సంఖ్య కనబడుతుంది. చివరి రెండంకెలను ఐదుతో గుణిస్తే లోపలి రంధ్రం 20 మిల్లీమీటర్లని తెలుస్తుంది, 04 నుంచి పై సంఖ్యలకు ఈ లెక్క సరిపోతుంది. ఆ సంఖ్య ఉన్న బేరింగు కార్ల విడిభాగాల షాపులో లేకపోయినా, పంపులూ మోటార్లూ బాగుచేసేవారి దగ్గర దొరకవచ్చు. ఆయిల్ సీల్ మీద 35, 52, 7 అని వరుసగా ఉంటే అవి షాఫ్టు మందం, బయటి వ్యాసం, సీలు వెడల్పు, అన్నీ మిల్లీమీటర్లలో. బెల్టు మీద 6పీకే1200 అని ఉంటే ఆరు గట్లు (రిబ్‌లు), 1200 మిల్లీమీటర్ల పొడవు అని అర్థం. మరీ కొత్త కార్లలో చక్రపు బేరింగు హబ్బుతో కలిసి ఒకే ముక్కగా వస్తుంది, దానికి ఈ ఉపాయం పనికిరాదు. పాత భాగాన్ని చేతిలో పట్టుకుని షాపుకు వెళ్లడమన్న పద్ధతికి మాత్రం ఏ దేశంలోనూ తిరుగులేదు.

పని మొదలుపెట్టకముందు అంచనా రాతపూర్వకంగా తీసుకోవాలి. అందులో భాగాల ధర, కూలి వేర్వేరుగా ఉండాలి. ఫలానా మొత్తం దాటితే ఫోన్ చేసి అడగకుండా ముందుకు పోకూడదని రాయించాలి. వాడే భాగం ఒరిజినలా, మరో కంపెనీదా, పాత బండి నుంచి తీసినదా అన్నది స్పష్టం కావాలి. తీసేసిన పాత భాగాలు తిరిగి ఇవ్వాలని ముందే చెప్పాలి. ఇదంతా మెకానిక్ మీద అనుమానంతో చేసేది కాదు, భాష సరిగా తెలియని ఇద్దరి మధ్య మాట కంటే రాసిన అంకె మేలు కాబట్టి చేసేది. చాలా దేశాల్లో బిల్లు చెల్లించేదాకా వాహనాన్ని అట్టిపెట్టుకునే హక్కు గ్యారేజీకి చట్టమే ఇస్తుంది, కనుక పని పూర్తయ్యాక మొదలయ్యే వాదనలో మన పక్షం ఎప్పుడూ బలహీనమే. వాహనం అప్పగించేటప్పుడు మీటరు రీడింగునూ నాలుగు వైపులనూ ఫోటో తీసుకుని, విలువైన సామానూ అసలు పత్రాలూ తీసేసుకుని, రిజిస్ట్రేషన్ పత్రం నకలు మాత్రం ఇచ్చి రావాలి.

పూర్తిగా బాగుచేయించాలా, ప్రయాణం ముగిసేదాకా నడిచేట్టు చేయించాలా అన్నది మరొక నిర్ణయం. సైలెన్సర్‌కు పడిన చిల్లి, ఏసీ, చిన్న కూలెంట్ లీకు, పగిలిన దీపపు అద్దం వంటివాటికి తాత్కాలిక మరమ్మతు తప్పు కాదు. బ్రేకులు, స్టీరింగు, చక్రపు బేరింగు, ఇంధనం లీకు, టైరు పక్క గోడ చీలిక విషయంలో మాత్రం ఏ సర్దుబాటూ పనికిరాదు. సన్నటి తాత్కాలిక స్టెప్నీ మీద సాధారణంగా గంటకు 80 కిలోమీటర్లు మించవద్దని ముద్రించి ఉంటుంది. దానితో వందల కిలోమీటర్లు పోదామనుకోవడం అవివేకం. బ్రేక్ ద్రవం నింపించేటప్పుడు డబ్బా మీది డాట్ సంఖ్య స్వయంగా చూడాలి: డాట్ 3, 4, 5.1 ఒకే కుటుంబానివి, డాట్ 5 మాత్రం సిలికాన్‌ది, వాటితో కలపకూడదు.

కావలసిన భాగం ఆ దేశంలో లేక బయటి నుంచి తెప్పించవలసి వస్తే, పార్సిల్ దారిలో గడిపే కాలం కంటే కస్టమ్స్‌లో గడిపే కాలమే ఎక్కువ కావచ్చు. అందుకే పంపేవారి చేత ఇన్వాయిసులో భాగం పేరు, విలువ, వాహనం ఛాసిస్ నంబరు స్పష్టంగా రాయించాలి. కొన్ని దేశాలు దిగుమతిదారు పన్ను నంబరు అడుగుతాయి కనుక, గ్యారేజీ పేరు మీద తెప్పించవచ్చేమో ముందే కనుక్కోవాలి.

ఈలోగా మరచిపోకూడనిది వాహనం గడువు. ఐరోపా సమాఖ్యలో బయటి రిజిస్ట్రేషన్ ఉన్న వాహనాన్ని అక్కడ నివాసం లేనివారు సుంకం లేకుండా సాధారణంగా 6 నెలలు మాత్రమే వాడుకోగలరు. ఈజిప్టు, ఇరాన్ వంటి దేశాల్లోకి కార్నె అనే కస్టమ్స్ పత్రంతో వెళ్లినవారు, తిరిగి వచ్చేటప్పుడు అందులో నిష్క్రమణ ముద్ర వేయించుకోకపోతే, ఆ దేశం సుంకాన్ని కార్నె ఇచ్చిన క్లబ్బు నుంచి రాబట్టవచ్చు, క్లబ్బు దాన్ని మన హామీ సొమ్ము నుంచి రాబట్టుకుంటుంది. మరమ్మతు గడువు దాటేలా ఉంటే, గడువు తీరకముందే గ్యారేజీ నుంచి సంతకం, తేదీ ఉన్న లేఖ తీసుకుని కస్టమ్స్ కార్యాలయానికి వెళ్లి పొడిగింపు కోరాలి; తీరిన తరువాత అదే లేఖకు విలువ బాగా తగ్గిపోతుంది. వాహనం ఇక బాగుపడదని తేలినా సరే, కస్టమ్స్ అనుమతి లేకుండా దాన్ని తుక్కు కింద అమ్మకూడదు, ఎవరికీ వదిలి రాకూడదు. వాహనాన్ని గ్యారేజీలో ఉంచి విమానంలో ఇంటికి వెళ్లాలనుకునేవారు, కొన్ని దేశాలు వాహనాన్ని యజమాని పాస్‌పోర్టుతో ముడిపెడతాయని గుర్తుంచుకుని, ముందుగానే అనుమతి తీసుకోవాలి. వీసా, బీమా గడువులు వేరే. మూడు తేదీలనూ ఒకే కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

బండి చేతికి వచ్చాక మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, లోపం మొదట కనబడిన పరిస్థితిలోనే నడిపి చూడాలి. వేడెక్కాక వచ్చిన లోపాన్ని వీధి చివరిదాకా పోయి వచ్చి పరీక్షించలేం. చక్రం విప్పించిన పని ఏదైనా, 50 నుంచి 100 కిలోమీటర్లు నడిపాక నట్లు మళ్లీ బిగించి చూడాలి. వీలైతే ఒక రాత్రి అదే ఊరిలో ఆగి, ఉదయం బండి కింద చుక్కలు పడ్డాయేమో చూసుకుని బయలుదేరాలి. బిల్లు మీద చేసిన పని, వేసిన భాగాలు, గ్యారంటీ కాలం రాయించుకుని, స్వదేశం చేరేదాకా భద్రపరచాలి. అమెరికా వంటి దేశాలు, విదేశంలో వాహనానికి చేయించిన మరమ్మతులను తిరిగి ప్రవేశించేటప్పుడు ప్రకటించమని అడుగుతాయి, అప్పుడు చూపించవలసింది ఆ బిల్లునే.