గింజలు, నీళ్ల తొట్టి పిల్లలకు ఆడుకోవడానికి ఇచ్చే ముందు చూసుకోవాల్సినవి

గురివింద, ఆముదం, ఉమ్మెత్త గింజలు ఆటకు అస్సలు వద్దు. ఎర్రటి గురివింద పిల్లల కంటికి వెంటనే ఆనుతుంది, కానీ అందులో అబ్రిన్ అనే విషం ఉంది. గట్టి పెంకు ఉన్నంతవరకే కాస్త రక్షణ. కొరికినా, దండ గుచ్చడానికి రంధ్రం పెట్టినా విషం బయటపడుతుంది. పచ్చి రాజ్మా కూడా వద్దు, నమిలితే వాంతులవుతాయి.

శనగలు, బఠానీలు ముక్కులోకి పోతే తేమకు ఉబ్బి బిగుసుకుంటాయి. పిన్నుతో లాగకండి, నీళ్లు పోయకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

మూడేళ్లలోపు పిల్లలు అదే గదిలో ఉంటే గింజలు తీసేయండి. 31.7 మిల్లీమీటర్ల వెడల్పు గొట్టంలో పట్టే వస్తువేదైనా వాళ్ల గొంతులో అడ్డుపడగలదు.

నీళ్లలో ఉబ్బే రంగు పూసలు కొననే వద్దు. మింగితే పేగుల్లో పెరిగి దారి మూసేస్తాయి, ఎక్స్‌రేలో సాధారణంగా కనిపించవు.

నీళ్ల తొట్టిలో రెండంగుళాలకు మించి పోయకండి. ఆ కాస్త నీళ్లలోనూ పసిపిల్లలు మునిగిపోగలరు, అందుకే పెద్దవాళ్లు చేయి చాపే దూరంలోనే ఉండాలి. ఆట అవగానే ఒంపేయండి.

ఆటకు వాడే బియ్యం జల్లించి, ఎండబెట్టి, మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టండి. పురుగు కనిపిస్తే మొత్తం మార్చేయండి.

గింజలు పోసిన ట్రే కింద దుప్పటి పరవండి, టైల్స్ మీద చిందిన గింజలకు కాలు జారుతుంది.

ఆటకు ఇచ్చే ఉప్పు కలిపిన మైదా ముద్దను నోట్లో పెట్టుకోనివ్వకండి.