పాత బొమ్మ ఇంజనుకు జతగా పెట్టెలకు రంగు వేసే ముందు

పర్లాకిమిడి వైపు రైలు పిచ్చి కొత్తది కాదు; 1900లోనే రెండున్నర అడుగుల గేజ్ (పట్టాల మధ్య దూరం) మీద తేలికపాటి చిన్న రైలు నడిచిన ఊరు. ఇంట్లో తాతల నాటి రేకు ఇంజను ఉండి, దానికి జతగా కొత్త పెట్టెలు తయారుచేసుకుందామనుకుంటే ఇవి చూసుకోండి.

• ముందు గేజ్ కొలవండి. బొమ్మ రైళ్లలో ‘O’ అనే గేజ్ అయితే పట్టాల మధ్య సుమారు 32 మిల్లీమీటర్లు, ‘HO’ అనే చిన్న గేజ్ అయితే 16.5. అది కలవకపోతే రంగు మాటే అనవసరం.

• ఇంజను మీది పాత రంగు గీకొద్దు, గరుకు కాగితం అసలే వద్దు. అందులో సీసం ఉండొచ్చు, ఆ పొడి పిల్లలకు మరీ ప్రమాదం. పైగా పాత రంగు పోతే వస్తువు విలువా పోతుంది. మార్చాల్సింది పెట్టెలనే.

• రంగు పోల్చడం పగటి వెలుగులోనే. ఇంజను అడుగున ఎండ తగలని చోట అసలు రంగు కనిపిస్తుంది. నన్నడిగితే పైన వెలిసిన రంగుకే కలపాలి, లేకపోతే పెట్టెలు పెళ్లిబట్టల్లా మెరుస్తాయి.

• ప్లాస్టిక్ పెట్టెకు థిన్నర్ తగిలితే కరిగిపోవచ్చు. అక్రిలిక్ రంగు మేలు. అదీ ముందు అడుగున చుక్క వేసి చూడండి.

• ముసురు పట్టిన రోజు స్ప్రే చేయొద్దు, తేమకు రంగు తెల్లగా పాలిపోతుంది. కిటికీలు తెరిచి, మాస్కు పెట్టుకోండి.

• రంగు వేసే ముందు చక్రాలు, కప్లింగులు (పెట్టెలను కలిపే కొక్కేలు) విప్పి పక్కన పెట్టండి.