రెండేళ్ల బిడ్డకు పక్కపిల్లలతో ఆట అలవాటు చేయడం ఎలా?

తిరుపతిలో ప్రకాశం పార్కుకు తీసుకెళ్లినా, అపార్ట్‌మెంట్ కింద వదిలినా రెండేళ్ల బిడ్డ పక్కబిడ్డతో కలిసి ఆడదు. పక్కనే కూర్చుని తన ఆట తను ఆడుకుంటుంది. అది లోపం కాదు. పిల్లల ఆటను 1932లో మెట్లుగా విడదీసిన అమెరికా పరిశోధకురాలు మిల్డ్రెడ్ పార్టెన్ ఈ పక్కపక్క ఆటనూ ఒక మెట్టుగా చూపించారు.

1. ఒక్క బిడ్డనే పిలవండి, అదీ దాదాపు మీ బిడ్డ ఈడు పిల్లను. నిద్ర లేచి, కాసిని బొరుగులో అరటిపండో తిన్నాక కూర్చోబెట్టండి. ఎండాకాలమైతే సాయంత్రం ఐదు దాటాకే. అరగంట చాలు.

2. ఏదైనా జతగా పెట్టండి: రెండు స్టీలు గిన్నెలు, రెండు గరిటెలు, రెండు మగ్గులు. రంగు కూడా ఒకటే ఉండాలి, లేదంటే గొడవ అక్కడే మొదలు. బిడ్డ ప్రాణంగా చూసుకునే బొమ్మను ముందే బీరువాలో పెట్టేయండి. చింతపిక్కలు, గోలీలు వద్దు, గొంతులో ఇరుక్కుంటాయి. బేసిన్లో నీళ్లు పెడితే రెండంగుళాలు మించకూడదు, మీరు పక్కనుంచి లేవకూడదు.

3. ఇద్దరికీ మధ్య రెండు మూడడుగులు వదిలి, మీరూ నేలమీదే కూర్చోండి. ఫోను పక్కన పెట్టండి. ఒకరు గిన్నెమీద గరిటెతో టంగుమనిపిస్తారు. రెండోవారు చేతిలో పని ఆపి చూస్తారు. కాసేపటికి అటు తిరిగి తనూ కొడతారు. నేర్చుకోవడమంటే ఇదే. మధ్యలో దూరి ఆట నేర్పకండి. "అన్న ఎట్లా కొడుతున్నాడో చూడు" అంటే సరిపోతుంది.

4. లాక్కుంటే? ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. "ఇచ్చేయమ్మా, మంచిదానివి కదా" అని అవ్వ బిడ్డ చేతిలోది తీసి పక్కబిడ్డకిస్తుంది. ఇవ్వడం, తన వంతు దాకా ఆగడం మూడేళ్లు దాటాక గానీ నిలకడగా రావు. ఇప్పుడు బలవంతం చేస్తే బిడ్డకు అర్థమయ్యేది ఒకటే: పెద్దవాళ్లు లాక్కోవచ్చు. కొన్ని క్షణాలు ఆగండి, చాలాసార్లు వాళ్లే తేల్చుకుంటారు. కొట్టినా కొరికినా మాత్రం వెంటనే చెయ్యి పట్టుకుని, "కొట్టకూడదు, నొప్పి" అని చెప్పి, జతలో రెండోది చేతికివ్వండి. సారీ చెప్పించే పని పెట్టుకోవద్దు.

5. కళ్లు నలుపుకుంటున్నా, వస్తువులు విసురుతున్నా ఏడుపు మొదలయ్యేలోపే ముగించండి. వారానికి రెండుసార్లు అదే బిడ్డతో కూర్చోబెడితే ముఖం గుర్తుపట్టి నవ్వడం మొదలవుతుంది. మూడేళ్లు నిండితే అంగన్‌వాడీలో చేర్చవచ్చు.

పేరు పెట్టి పిలిచినా తిరగకపోయినా, కళ్లలోకి చూడకపోయినా, కావలసింది వేలితో చూపించకపోయినా, వచ్చిన మాటలు పోయినా "పెద్దయితే అదే సర్దుకుంటుందిలే" అనుకోకుండా పిల్లల డాక్టరుకు చూపించండి.