సోల్డరింగ్ పొగ ముక్కుకెక్కకుండా

సోల్డర్ అంటే తీగల్ని, భాగాల్ని అతికించడానికి కరిగించే లోహం. దానికి సోల్డరింగ్ ఐరన్ మొన తగలగానే లేచే తెల్లపొగ అందులోని సీసం (లెడ్) పొగ కాదు. సీసం మరగాలంటే 1,700 డిగ్రీల సెల్సియస్ పైమాటే, మన ఐరన్లు 350-400 దగ్గరే ఆగిపోతాయి. ఆ పొగ సోల్డర్ తీగ లోపలుండే ఫ్లక్స్‌ది (అతుకు బాగా పట్టేందుకు లోహాన్ని శుభ్రం చేసే పదార్థం), ముఖ్యంగా పైన్ చెట్ల బంక నుంచి తీసే రోజిన్‌ది. పీలుస్తూపోతే ఉబ్బసం రావచ్చు. ఒకసారి ఒంటికి ఆ పొగ పడకుండా పోతే కొద్దిపాటి పొగకే ఆయాసం మొదలవుతుంది. సీసం లేని సోల్డర్ వాడుతున్నామన్న ధీమా ఇక్కడ పనికిరాదు. దానికి వేడి ఇంకా ఎక్కువ కావాలి, పొగ కూడా తగ్గదు.

టేబుల్ ఫ్యాన్‌తో ఊదేస్తే పొగ గదంతా తిరిగి మళ్లీ మన దగ్గరికే వస్తుంది, ఐరన్ మొన కూడా చల్లబడుతుంది. పొగను లాగి బయటికి పంపాలి. కంప్యూటర్ క్యాబినెట్లలో వాడే 120 మి.మీ., 12 వోల్టుల ఫ్యాన్, అదే వోల్టుల 1 ఆంపియర్ అడాప్టర్, మీటరు పొడవు 4 అంగుళాల అల్యూమినియం డక్ట్ చాలు. ప్లైవుడ్ పెట్టెకు ఒకవైపు 115 మి.మీ. రంధ్రం కోసి ఫ్యాన్ బిగించండి (స్క్రూల మధ్య దూరం 105 మి.మీ.). ఫ్రేము మీది గాలి బాణం గుర్తు పెట్టె లోపలికి చూడాలి. ఎదుటి వైపు డక్ట్ తగిలించి, సందులన్నీ టేపుతో మూసి, రెండో కొస కిటికీలోంచి బయట పెట్టండి. కిటికీలో మిగిలిన ఖాళీని అట్టతో కప్పకపోతే పోయిన పొగ తిరిగొస్తుంది.

అసలు కిటుకు దూరంలో ఉంది. ఫ్యాన్ మనం అతికిస్తున్న జాయింటుకు అవతలివైపు, సర్క్యూట్ బోర్డు ఎత్తులోనే, 10-15 సెం.మీ. లోపు ఉండాలి. 30 సెం.మీ. జరిపితే దాదాపు దండగే. బోర్డు దగ్గర అగరుబత్తి పెట్టి చూడండి: పొగ నిట్టనిలువుగా లేస్తే ఫ్యాన్‌ను ఇంకా దగ్గరికి జరపాలి, అడ్డంగా వంగి లోపలికి పోతే సరిపోయింది. సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే ఈ లాగుడు చెదిరిపోతుంది, మే నెలలోనైనా సరే ఆపక తప్పదు. డక్ట్ పొడవు పెరిగినా, మలుపులు ఎక్కువైనా ఈ ఫ్యాన్‌కు నెట్టే బలం చాలదు. అప్పుడు బ్లోయర్ కొనాలి.

పొగను బయటికి పంపే బదులు వడపోద్దామనుకుంటే, కార్బన్ ఫిల్టర్ వాసనను పట్టేస్తుంది కానీ సన్నటి రేణువుల్ని వదిలేస్తుంది. ఎన్95 మాస్క్‌ది సరిగ్గా తిరగేసిన కథ: రేణువుల్ని ఆపుతుంది, వాసనను వదిలేస్తుంది.

60/40 సోల్డర్‌కు (60 శాతం తగరం, 40 శాతం సీసం) 320-350 డిగ్రీలు చాలు. గుప్పున పొగ వస్తోందంటే వేడి ఎక్కువైనట్టే. ఎనామెల్ తీగ (సన్నటి పూత వేసిన రాగి తీగ) పూతను ఐరన్‌తో కాల్చకండి, ఆ పొగ మరీ హానికరం. బ్లేడుతో గీకేయండి.

సీసం ఒంట్లోకి వెళ్లేది చేతుల మీదుగా. పని అయ్యాక సబ్బుతో కడుక్కోండి. బల్లను చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి.